డీర్ వేటకి .44 మాగ్నమ్ తూటాలు ఇంట్లో లోడ్ చేసుకోవడం: మొదటి బ్యాచ్‌కి ఏ మందు (గన్‌పౌడర్), ఏ బుల్లెట్?

కిరణ్_ఆస్టిన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఆస్టిన్‌లో ఉంటాను. నవంబర్‌లో సీజన్ మొదలయ్యాక లానో వైపు ఒక డీర్ లీజ్‌కి (వేట కోసం అద్దెకి తీసుకున్న భూమి) వెళ్తుంటాం. ఇప్పటిదాకా రైఫిల్‌తోనే వేటాడాను, ఈ ఏడాది రివాల్వర్‌తో ఒక వైట్‌టెయిల్ జింకని కొట్టాలని గట్టిగా అనుకుని రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ తీసుకున్నాను. .44 మాగ్నమ్, ఏడున్నర అంగుళాల బ్యారెల్, స్కోప్ లేదు, గన్‌తో వచ్చిన సైట్లే. మేం కూర్చునే మంచె నుంచి మొక్కజొన్న ఫీడర్ 60 గజాల లోపే ఉంటుంది కాబట్టి దూరం పెద్ద సమస్య కాదు.

అసలు సమస్య తూటాలు. వేటకి పనికొచ్చే ఫ్యాక్టరీ తూటా ఒక్కోటి డాలరు దాటిపోతోంది, ఆ ధరకి ప్రాక్టీస్ చేయాలంటే చెయ్యి రావట్లేదు, ప్రాక్టీస్ లేకుండా జంతువు మీద రివాల్వర్ ఎత్తడం నాకు ఇష్టం లేదు. లీజ్‌లో ఉండే ఒక పెద్దాయన తన గ్యారేజ్‌లో కూర్చోబెట్టి రీలోడింగ్, అంటే వాడేసిన కేసుల్ని మళ్లీ తూటాలుగా నింపడం, మొత్తం చూపించాడు. సింగిల్ స్టేజ్ ప్రెస్, కార్బైడ్ డైలు, స్కేల్, కాలిపర్ కొన్నాను. వాడేసిన ఇత్తడి కేసులు కూడా బాగానే పోగయ్యాయి.

ఇక్కడే ఆగిపోయాను. ఆయన హెచ్110 తప్ప వేరే మందు ముట్టుకోడు, 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) ఎక్స్‌టీపీ హాలో పాయింట్ బుల్లెట్ కింద నిండుగా పోస్తాడు. ఆయన తూటాలు కాల్చి చూశాను, మణికట్టు అదిరిపోయింది. అదే మందు కాస్త తగ్గించి పోసుకుంటే నాకు సరిపోతుందా? లేకపోతే వేరే మందుకి మారాలా? బుల్లెట్ విషయంలో కూడా తలో మాటా చెబుతున్నారు, ముక్కులో గుంట ఉండే హాలో పాయింటే వాడాలని కొందరు, గట్టి సీసం పోత బుల్లెటే జింకకి మంచిదని ఇంకొందరు. ఇంకొకటి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, సీసం గురించి మా ఆవిడ అడిగిన ప్రశ్నలకి నా దగ్గర సరైన జవాబు లేదు. మన భాషలో వివరంగా చెప్పేవాళ్లు ఉంటే బాగుంటుందని ఇక్కడ అడుగుతున్నాను.

సత్యం_ఒహాయో

కిరణ్, ముందు ఒక్క విషయం చెప్పేస్తాను, మిగతావి తర్వాత. హెచ్110ని "కాస్త తగ్గించి" పోయకు. ఈ మందుతో అది కుదరదు. మిగతా మందుల్లో గరిష్ఠ మోతాదు నుంచి పది శాతం కిందికి వచ్చి మొదలుపెట్టమంటారు, అలా నేర్చుకున్నవాళ్లు హెచ్110కి కూడా అదే లెక్క వేస్తారు, అక్కడే ప్రమాదం. హాడ్జ్‌డన్ కంపెనీ తన డేటాలోనే హెచ్110కి మూడు శాతం కంటే ఎక్కువ తగ్గించొద్దని రాస్తుంది. వించెస్టర్ 296 అని వేరే డబ్బాలో అమ్మేది కూడా ఇదే మందు, ఫ్లోరిడాలో ఒకే ఫ్యాక్టరీలో తయారవుతుంది, కాబట్టి పేరు మారిందని రూల్ మారదు. ఇది గుండ్రటి చిన్న గింజల మందు, నెమ్మదిగా మండుతుంది, అంటుకోవడానికే బాగా వేడి, ఒత్తిడి కావాలి. కేస్‌లో ఖాళీ మిగిలినా, బుల్లెట్ వదులుగా ఉన్నా సగం మండి ఆరిపోవచ్చు. అప్పుడు బుల్లెట్ బయటికి రాకుండా బ్యారెల్‌లోనే ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పెద్ద చప్పుడు బదులు "టప్" అని చిన్న శబ్దం వస్తే ఇక రెండోసారి నొక్కకూడదు. గన్ అలాగే సురక్షితమైన దిశలో పట్టుకుని కాసేపు ఆగి, ఖాళీ చేసి, బ్యారెల్‌లో రాడ్ పెట్టి చూడాలి. ఇరుక్కున్న బుల్లెట్ వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది, పక్కన నిలబడ్డవాళ్లకీ దెబ్బ తగులుతుంది.

హెచ్110 చెడ్డ మందు కాదు. నిండు మాగ్నమ్ లోడ్‌కి దాన్ని మించింది అరుదు, కేస్ దాదాపు నిండిపోతుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగిపొర్లి కంటికి కనిపిస్తుంది, ఆ ఒక్క గుణం కోసమే చాలామంది కొత్తవాళ్లకి అదే చెబుతారు. కానీ అది నిండుగా కాల్చడానికి పుట్టిన మందు. దానికి మాగ్నమ్ ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) కావాలి, గట్టి రోల్ క్రింప్ (బుల్లెట్ కదలకుండా కేస్ అంచుని లోపలికి మడవడం) కావాలి, ఆ దెబ్బ తట్టుకునే చెయ్యి కూడా కావాలి. నీకు ఆ రికాయిల్ వద్దనుకుంటే అలయంట్ 2400 వైపు చూడు. 1955లో .44 మాగ్నమ్ పుట్టకముందే ఎల్మర్ కీత్ అనే ఐడహో వేటగాడు దాని ముందుతరం పొట్టి తూటా అయిన .44 స్పెషల్‌లో బరువైన లోడ్లు చేసింది ఈ 2400తోనే. ఆయన పట్టుబట్టి అడగడం వల్లనే రెమింగ్టన్ తూటా, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ తయారు చేశాయి. 2400తో కొంచెం కిందికి దిగొచ్చు, పైకి ఎక్కొచ్చు, మాన్యువల్‌లో మొదటి మోతాదుకీ గరిష్ఠానికీ మధ్య తిరగడానికి చోటుంటుంది. హెచ్110లో ఆ చోటు లేదు.

గ్రెయిన్ల లెక్క నేను ఇక్కడ రాయను, ఎవరు రాసినా నువ్వు తీసుకోవద్దు. ఒకళ్ల గన్‌లో, ఒకళ్ల బుల్లెట్‌తో సరిపోయిన మోతాదు నీకు సరిపోతుందని ఎవరూ చెప్పలేరు, పైగా ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు ఒక అంకె తప్పితే చాలు. లైమన్, హార్నడీ, స్పీర్ మాన్యువల్స్‌లో ఏదో ఒకటి కొను, హాడ్జ్‌డన్ తన మందుల డేటా ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. నువ్వు కొన్న బుల్లెట్ ఏ కంపెనీదో ఆ కంపెనీ డేటా చూడడం అన్నిటికంటే మంచిది. 240 గ్రెయిన్లు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు, ఒక బుల్లెట్ కేస్‌లోకి ఎక్కువ దిగుతుంది, ఇంకోటి తక్కువ దిగుతుంది, లోపల చోటు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. .44 మాగ్నమ్‌కి సామీ (తూటాల ప్రమాణాలు పెట్టే అమెరికా పరిశ్రమ సంస్థ) పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 36,000 పీఎస్‌ఐ, .44 స్పెషల్‌కి 15,500. పేజీ తిప్పేటప్పుడు రెండింటి డేటా పక్కపక్కనే ఉంటుంది, ఏది చూస్తున్నావో వేలు పెట్టి మరీ చూసుకో.

మందు పోసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. బెంచ్ మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి, పని అయిపోగానే మందు కొలిచే మెజర్‌లో మిగిలింది మళ్లీ అదే డబ్బాలో పోసేయాలి. ఒక పౌండు అంటే 7,000 గ్రెయిన్లు, నువ్వు తూచేది అందులో పదో వంతు గ్రెయిన్ తేడాతో, అంటే గాలి విసురుకి కూడా డిజిటల్ స్కేల్ అంకె కదులుతుంది. ఫ్యాన్ ఆపెయ్. చెక్ వెయిట్ పెట్టి స్కేల్ సరిగ్గా ఉందో లేదో ప్రతిసారీ మొదట్లో చూసుకో. ఒక ట్రేలోని కేసులన్నింటిలో మందు పోశాక బుల్లెట్ పెట్టేముందు టార్చ్ వేసి అన్నింటి లోపలా చూడు, అన్నింటిలో మట్టం ఒకేలా ఉండాలి. 2400 మోతాదు హెచ్110 కంటే తక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఈ పని ఇంకా ముఖ్యం. టైట్‌గ్రూప్, బుల్స్‌ఐ లాంటి వేగంగా మండే మందులకి మాత్రం ఇప్పుడే వెళ్లకు. మాగ్నమ్ కేస్ అడుగున కాస్తంత కనిపిస్తాయి, రెండు మూడు మోతాదులు పడినా కేస్ నిండదు, కంటికి తెలియదు.

ప్రైమర్ మాన్యువల్‌లో ఏది రాస్తే అదే. దుకాణంలో అది లేదని చేతికొచ్చింది తెచ్చుకోవద్దు.

ఝాన్సీ_పెన్సిల్వేనియా

సత్యం గారు మందు సంగతి చెప్పేశారు, నేను బుల్లెట్ గురించి, సీసం గురించి చెబుతాను. పోత బుల్లెట్లు మా ఇంట్లోనే పోసుకుంటాం, రివాల్వర్ వేట నాకు రైఫిల్ వేట కంటే ఎక్కువ ఇష్టం.

కిరణ్ గారూ, మీ దూరానికి, మీ జంతువుకి రెండు రకాల బుల్లెట్లూ పనిచేస్తాయి, అవి పనిచేసే తీరు వేరు, అంతే. ఎక్స్‌టీపీ లాంటి హాలో పాయింట్ తగిన వేగంతో తగిలితే పుట్టగొడుగులా విచ్చుకుని వెడల్పాటి గాయం చేస్తుంది. వేగం చాలకపోతే విచ్చుకోదు. అందుకే బుల్లెట్ కంపెనీ తన మాన్యువల్‌లో ఏ వేగం నుంచి ఏ వేగం దాకా అది పనిచేస్తుందో రాస్తుంది, మీరు లోడ్ చేసింది ఆ జింక దగ్గరికి చేరేటప్పటికి ఆ పరిధిలో ఉండాలి. బ్యారెల్ దగ్గర ఎంత అనేది కాదు, జింక దగ్గర ఎంత అనేది లెక్క. గట్టి సీసం బుల్లెట్ విచ్చుకోవాల్సిన అవసరమే లేదు. కీత్ డిజైన్ చేసిన సెమీ వాడ్‌కట్టర్ ముక్కు చదునుగా ఉంటుంది, లైమన్ 429421 అనే అచ్చు దానిదే, ఆ చదును ముక్కే కండని కోసుకుంటూ అటువైపు దాకా వెళ్లిపోతుంది. రెండు వైపులా రంధ్రం ఉంటే నెత్తురు జాడ దొరుకుతుంది, టెక్సస్ ముళ్లపొదల్లో చీకటి పడే వేళ జింకని వెతుక్కునేటప్పుడు ఆ జాడ విలువ తెలుస్తుంది. 240 గ్రెయిన్ల పోత బుల్లెట్ సెకనుకి 1,200 అడుగుల వేగంతో పోతే దాదాపు 770 అడుగు-పౌండ్ల శక్తి, 1,350 అడుగులతో పోతే 970 దాకా వస్తుంది. కాగితం మీద ఆ తేడా పెద్దదిగా కనిపిస్తుంది. మీ లానో ఉన్న హిల్ కంట్రీ జింకలు ఉత్తరాది జింకల కంటే చిన్నవి, ఊపిరితిత్తుల్లో సరిగ్గా తగిలిన బుల్లెట్‌కి ఆ 200 తేడా అక్కర్లేదు, కానీ ఆ తేడా వల్ల మీరు కన్ను మూసుకుని ట్రిగ్గర్ లాగితే మాత్రం అదే పేగుల్లో తగిలి, రాత్రంతా ఎక్కడో పడి చచ్చిపోయే జింక అవుతుంది. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఎంత లోడ్ అయితే మీరు వణకకుండా వరసగా కాల్చగలరో అదే మీ వేట లోడ్.

పోత బుల్లెట్ వాడితే సైజు చూసుకోవాలి. రాగి తొడుగున్న జాకెట్ బుల్లెట్ .429 లేదా .430 అంగుళం ఉంటుంది, పోతది మామూలుగా .430 లేదా కాస్త ఎక్కువ. అది మీ సిలిండర్ గొంతుకి, అంటే సిలిండర్‌లో బుల్లెట్ బయటికి వెళ్లే ముందు రంధ్రానికి, సరిపోవాలి. చిన్నదైతే వేడి వాయువు పక్కల నుంచి దూరి సీసాన్ని కరిగించి బ్యారెల్‌లో పూసేస్తుంది, గురి పోతుంది, శుభ్రం చేయడానికి ప్రాణం పోతుంది. సీసం అసలు వద్దనుకుంటే బార్న్స్ ఎక్స్‌పీబీ లాంటి రాగి బుల్లెట్లు ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటాలే నిషేధం, అక్కడి మనవాళ్లకి ఇక వేరే దారి లేదు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడవవుతుంది, కేస్‌లో ఎక్కువ చోటు తింటుంది, దానికి దాని డేటానే వాడాలి, సీసం బుల్లెట్ డేటా పనికిరాదు.

పిల్లల విషయం. చాలామంది బుల్లెట్‌ని ముట్టుకుంటేనే భయపడతారు, అసలు ఎక్కువ భయపడాల్సింది ధూళికి. వాడేసిన ప్రైమర్ బూడిదలో సీసం ఉంటుంది. ఆ కేసుల్ని పొడి మీడియాలో (గింజల్లాంటి పొట్టులో) తిప్పి శుభ్రం చేస్తే ఆ ధూళి గాల్లోకి లేస్తుంది, ఇంట్లో ఆ పని వద్దే వద్దు. నీళ్లలో స్టీల్ పిన్నులతో తిప్పే టంబ్లర్ తీసుకోండి, ఆ మురికి నీళ్లు వంటింటి సింక్‌లో పోయకండి. రీలోడింగ్ గ్యారేజ్‌లోనే, కార్పెట్ లేని చోట. పని మధ్యలో టీ, తిండి ఏవీ వద్దు. అయ్యాక చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి చేతులు మోచేతుల దాకా కడుక్కోండి, ఆ చొక్కాతో పిల్లల్ని ఎత్తుకోవద్దు. రేంజ్ నుంచి వచ్చిన బూట్లు ఇంట్లోకి రానివ్వద్దు. డాక్టర్ దగ్గర రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, మామూలు రక్త పరీక్షే. మీ ఆవిడ అడిగింది చాలా సరైన ప్రశ్న, ఇవన్నీ మీరు పాటిస్తున్నారో లేదో ఆవిడే చూసుకునేలా చేయండి.

రఘు_డాలస్

టెక్నికల్ సంగతులు పెద్దవాళ్లు చెబుతున్నారు, చట్టం వైపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను. మనవాళ్లలో సగం మంది వీసా మీద ఉన్నవాళ్లే, ఇది చదివి ప్రెస్ ఆర్డర్ పెట్టేముందు ఆగండి.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం గన్ కొనడానికి వీసా అడ్డంకి లేదు. హెచ్‌1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది హంటింగ్ లైసెన్స్, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. ఇక్కడే అందరూ మర్చిపోయేది, టెక్సస్ హంటింగ్ లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 పొద్దున్న కొత్త లైసెన్స్ లేకుండా మీ అల్మారాలో గన్ ఉంటే మీరు ఫెడరల్ నేరంలో ఉన్నట్టే, సీజన్ నవంబర్‌లో కదా అప్పుడు కొందాంలే అనుకోవడానికి లేదు. ఇంకా రీలోడింగ్ చేసేవాళ్లకి వర్తించేది ఒకటుంది. ఫెడరల్ చట్టంలో "తూటాలు" అన్న మాటలో తయారైన తూటానే కాదు, ఖాళీ కేస్, ప్రైమర్, బుల్లెట్, మందు అన్నీ వస్తాయి. కాబట్టి గన్ స్నేహితుడి దగ్గరే ఉంది, నా దగ్గర ప్రైమర్లు, మందు మాత్రమే ఉన్నాయి అన్న మాట చెల్లదు. ఇమిగ్రేషన్ కేసు నడుస్తున్నవాళ్లకి ఇలాంటిది ఒక్కటి చాలు, బతుకంతా తలకిందులవుతుంది, ముందు లాయర్‌తో మాట్లాడండి.

2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో ప్రైవేట్ భూమిలో యజమాని అనుమతితో అడవి పందుల్ని లైసెన్స్ లేకుండా వేటాడొచ్చు. వీసా మీద ఉన్న కుర్రాళ్లు ఇది విని లైసెన్స్ అక్కర్లేదని పంది వేటకి బయల్దేరుతున్నారు. పంది కోసం అక్కర్లేదు, నీ చేతిలో గన్ ఉండడం కోసం కావాలి. రెండూ వేరు. అలాగే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. అది ఎలాగూ చేయాల్సిందే, ఇష్టంగా చేయండి, మంచి కోర్సు.

మీ కోసం మీరు లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ ఏదీ అక్కర్లేదు. అమ్మితే మాత్రం తయారీదారు లైసెన్స్ కావాలి. స్నేహితులకి డబ్బులు తీసుకుని చేసి పెట్టొద్దు, ఊరికే కూడా ఇవ్వొద్దని నా సలహా, వాళ్ల గన్‌లో ఏమైనా జరిగితే అది మీ మెడకే. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూల్ ఉంటుంది, ఒహాయోలో డీర్ వేటకి హ్యాండ్‌గన్ బ్యారెల్ కనీసం అయిదు అంగుళాలు, తిన్నని కేస్ ఉన్న తూటా, .357 లేదా అంతకంటే పెద్దది అయి ఉండాలి. మీ రాష్ట్రం పుస్తకం ఏటా కొత్తది చూసుకోండి.

చివరిగా, ఇది దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్ వేరు, ఇండియాకి తీసుకెళ్లే బ్యాగ్ వేరు. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో స్కానర్‌లో ఒక్క తూటా కనబడితే ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు పెట్టొచ్చు, ఆ చట్టంలో తూటా భాగాలు కూడా వస్తాయి, ఖాళీ ఇత్తడి కేసే కదా అని మీరు అనుకుంటే వాళ్లు అనుకోరు. జేబులు, జిప్పులు, షేవింగ్ కిట్, పిల్లల స్కూల్ బ్యాగ్, అన్నీ. పెళ్లికని పది రోజులు వెళ్లి కోర్టు చుట్టూ తిరగడం ఎవరికీ వద్దు.

కిరణ్_ఆస్టిన్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రఘు అన్నా, నాకు గ్రీన్ కార్డ్ ఉంది, కానీ నాతో వచ్చే మా కొలీగ్ హెచ్‌1బీ మీద ఉన్నాడు, వాడి లైసెన్స్ తేదీ ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను, చూసుకుంటున్నాడు. ఝాన్సీ గారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, గ్యారేజ్‌లో పెట్టుకోవడానికి ఒప్పుకుంది, టంబ్లర్ కూడా నీళ్లదే అని తేలిపోయింది.

సత్యం అన్నా, 2400కే వెళ్తాను, బుల్లెట్ ఎక్స్‌టీపీ 240. రెండు డౌట్లు. క్రింప్ గట్టిగా ఉండాలన్నావు, గట్టిగా పడిందో లేదో తెలిసేది ఎలా? ఎక్కువ నొక్కితే కేస్ పాడైపోతుందని కూడా చదివాను. రెండోది, ఒత్తిడి ఎక్కువైతే ప్రైమర్ చదునవుతుంది, దాన్ని చూసి ఆపేయొచ్చు అని ఒక వీడియోలో చెప్పారు, అది నమ్మొచ్చా?

సత్యం_ఒహాయో

రెండోదానికి ముందు జవాబు చెబుతాను, అది వదిలేయ్. రివాల్వర్‌లో ప్రైమర్ చూసి ఒత్తిడి చెప్పడం నమ్మదగ్గ పద్ధతి కాదు. ఒక కంపెనీ ప్రైమర్ మెత్తగా ఉండి మామూలు లోడ్‌కే చదునవుతుంది, ఇంకోటి గట్టిగా ఉండి హద్దు దాటినా గుండ్రంగానే కనిపిస్తుంది. కేసులు సిలిండర్‌లోంచి తేలిగ్గా జారిరాకుండా రాడ్‌తో గట్టిగా తోయాల్సి వస్తుంటే ఆ లోడ్ ఆపేయాలి, అది నిజమే, కానీ ఆ గుర్తు కనబడేటప్పటికే నువ్వు చాలా దూరం వచ్చేసి ఉంటావు. లాబ్‌లో ఒత్తిడి కొలిచి అచ్చేసిన డేటా ఉన్నప్పుడు దాని హద్దులో ఉండడమే మన చేతిలో ఉన్న కొలత. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒకటి సంపాదించు, వీలైతే లీజ్ పెద్దాయన దగ్గర అరువు తెచ్చుకో. మాన్యువల్‌లో ఆ మోతాదుకి రాసిన వేగం కంటే నీది బాగా ఎక్కువ వస్తుంటే ఒత్తిడీ ఎక్కువే, ఊరికే వేగం ఎక్కడి నుంచీ రాదు. వాళ్లు ఎంత బ్యారెల్‌తో కొలిచారో కూడా చూడు, నీది ఏడున్నర అంగుళాలు.

ఇక క్రింప్. బరువైన రికాయిల్‌లో గన్ వెనక్కి దూకుతుంది, సిలిండర్‌లో మిగిలిన తూటాల కేసులు దాంతోపాటు వెనక్కి వస్తాయి, లోపలి బుల్లెట్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. క్రింప్ పట్టు చాలకపోతే బుల్లెట్ కొంచెం కొంచెంగా ముందుకి జరిగి సిలిండర్ ముందు నుంచి బయటికి పొడుచుకొస్తుంది, అది ఫ్రేమ్‌కి తగిలి సిలిండర్ తిరగదు. జింక మీద రెండో తూటా కావాల్సినప్పుడు సరిగ్గా అప్పుడే జరుగుతుంది. చూసుకునే పద్ధతి తేలిక. ఒక తూటా పొడవు కాలిపర్‌తో కొలిచి దాని మీద మార్కర్ గీత పెట్టు. దాన్ని సిలిండర్‌లో ఒక గదిలో (తూటా కూర్చునే గుంటలో) ఉంచి మిగతా అయిదూ కాల్చు, గీత పెట్టినదాన్ని బయటికి తీసి మళ్లీ కొలువు. పొడవు అలాగే ఉంటే నీ క్రింప్ చాలు. పెరిగితే చాలదు. కొత్త బ్యాచ్ చేసినప్పుడల్లా, కేసులు మారినప్పుడల్లా ఇది చెయ్యి.

పట్టు అంతా క్రింప్ నుంచే రాదు, ఇది చాలామందికి తెలియదు. కేస్ గోడ బుల్లెట్‌ని ఎంత బిగువుగా పట్టుకుందనేదే ముందు, క్రింప్ తర్వాత. ఎక్స్‌పాండర్ డైతో కేస్ నోరు మరీ తెరిచేస్తే ఆ బిగువు పోతుంది, బుల్లెట్ అడుగు కాస్త నిలబడేంత తెరిస్తే సరిపోతుంది. కేసుల పొడవు ఒకేలా లేకపోతే పొడుగుదానికి క్రింప్ ఎక్కువ, పొట్టిదానికి తక్కువ పడుతుంది. .44 మాగ్నమ్ కేస్ 1.285 అంగుళం దాటకూడదు, దాటకపోయినా ఒక బ్యాచ్ అంతా ఒకే పొడవుకి ట్రిమ్ చేసుకో. ఎక్స్‌టీపీ మీద గీతల వలయం ఉంటుంది, కేస్ అంచు ఆ గాడిలోకి నున్నగా మడతపడాలి. ఎక్కువ నొక్కితే ఏమవుతుందో నువ్వే చదివావు, కేస్ కింద ఉబ్బుతుంది, ఆ తూటా సిలిండర్‌లోకి పూర్తిగా దిగదు. బుల్లెట్ దించడం, క్రింప్ వేయడం రెండూ ఒకే డైతో ఒకేసారి చేయకుండా రెండుసార్లుగా చేస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది, సింగిల్ స్టేజ్ ప్రెస్ ఉన్నవాడికి టైమ్ తప్ప ఇంకేం ఖర్చు కాదు. తయారైన ప్రతి తూటానీ వేటకి ముందే సిలిండర్‌లో జార్చి చూడు, గన్ ఖాళీ చేసి, సురక్షితమైన దిశలో పెట్టి.

నువ్వు ప్రాక్టీస్‌కి .44 స్పెషల్ కేసులు కూడా వాడతావేమో, అవి ఈ గన్‌లో హాయిగా కాలతాయి. కాకపోతే పొట్టి కేస్ కాబట్టి గదిలో దాని నోటి దగ్గర మసి వలయం పేరుకుంటుంది, దాన్ని బ్రష్‌తో తీసేయకుండా మాగ్నమ్ తూటా తోస్తే పట్టినట్టు ఉంటుంది. మాగ్నమ్ కేసులోనే తేలికపాటి లోడ్ చేసుకుంటే ఈ గొడవ లేదు.

ఝాన్సీ_పెన్సిల్వేనియా

ఒక్కటి కలుపుతాను. తూటాలు తయారయ్యాక ఆరు అంగుళాల ప్లేట్ పెట్టండి. బెంచ్ మీద ఇసుక సంచుల మీద కాదు, మంచెలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని, అక్కడ గన్‌కి ఏం ఆనుకునే వీలుందో అదే ఆనించి కాల్చండి. ఆరుకి ఆరూ ప్లేట్ మీద పడే దూరం ఎంతో అదే మీ హద్దు. 60 గజాల ఫీడర్ ఉన్నా మీ హద్దు 40 అయితే జింక 40కి వచ్చేదాకా ఆగండి. 50 గజాలకి సైట్ పెట్టుకుంటే మీరు అనుకుంటున్న లోడ్ ఆ లోపల ఎక్కడైనా దాదాపు గురి పెట్టిన చోటే పడుతుంది, 100 గజాలకి అయిదారు అంగుళాలు కిందికి దిగుతుంది, అంత దూరం మీకు అవసరం లేదు. జింక పక్కకి తిరిగి నిలబడినప్పుడే కొట్టండి, ముందు కాలు వెనకాల, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. మీ వైపు తిరిగి ఉన్నదాన్ని రివాల్వర్‌తో కొట్టొద్దు.

చెవుల సంగతి కూడా. వేటలో రైఫిల్ వాళ్లు చాలామంది చెవులకి ఏమీ పెట్టుకోరు. మూసి ఉన్న మంచె లోపల .44 మాగ్నమ్ ఒక్కసారి మోగినా వినికిడి శాశ్వతంగా పోవచ్చు. చిన్న శబ్దాలు వినిపించి పెద్ద చప్పుడు ఆపేసే ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్స్ దొరుకుతాయి, మీకూ, పక్కన కూర్చునే మీ కొలీగ్‌కీ. వేళ్లు కూడా సిలిండర్ ముందు భాగానికి దూరంగా ఉంచమని అతనికి చెప్పండి, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వచ్చే మంట వేలిని కోసేస్తుంది.

సత్యం_ఒహాయో

అవును, ఆ సందు మాట మంచిది చెప్పారు. కిరణ్, ప్రతి పెట్టె మీద లేబుల్ రాయి. మందు పేరు, దాని లాట్ నంబర్, మోతాదు, బుల్లెట్, ప్రైమర్, కేస్ ఏ కంపెనీది, ఎన్నోసారి వాడుతున్నావు, తేదీ. ఏ మాన్యువల్ ఏ పేజీ అనేది కూడా. లేబుల్ లేని తూటా దొరికితే కాల్చొద్దు, బుల్లెట్ ఊడదీసే పుల్లర్‌తో విప్పెయ్, అందులోని మందు పారెయ్, డబ్బాలో కలపొద్దు. మందు ఎప్పుడూ కంపెనీ డబ్బాలోనే, చల్లగా పొడిగా ఉన్న చోట, ప్రైమర్లకి దూరంగా, టెక్సస్ ఎండకి గ్యారేజ్ ఎంత వేడెక్కుతుందో నాకంటే నీకే బాగా తెలుసు, కాబట్టి వేసవిలో లోపలి అల్మారాలోకి మార్చి తాళం వెయ్. మొదటి బ్యాచ్ పెద్దది చేయకు, మాన్యువల్‌లోని మొదటి మోతాదుతో కొన్ని చేసి క్రోనోగ్రాఫ్ మీద, క్రింప్ పరీక్షతో చూసుకుని వేగాలు ఇక్కడ పెట్టు, అందరం చూస్తాం.